అంకితం అడుగుతున్నాడు, ఇవ్వమంటారా?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే అందులో ఐదు ఒకే గోత్రానివి. అంకితం, పోషణ, త్యాగం, పైరవీ, స్పాన్సర్... పేర్లు వేరు గానీ అన్నీ దాయాదులే. పైగా మొన్ననే మా హన్మకొండలో ఒక సాహిత్య సభ ఆహ్వానపత్రం చేతికొచ్చింది. ‘మహారాజ పోషకులు’ అని ముగ్గురి పేర్లు, కింద ‘రాజపోషకులు’ అని తొమ్మిది మంది, ఇంకా కింద చిన్న అక్షరాల్లో వట్టి ‘పోషకులు’ ముప్పై మంది దాకా. మహారాజుల్లో ఒకాయనకి మా వీధి చివర టైల్స్ దుకాణం. రాజ్యాలు పోయి ఇన్నేళ్లయినా పదివేలకు మహారాజు, ఐదువేలకు రాజు మనకి ఇంకా దొరుకుతూనే ఉన్నారు. సరే, ఈసారికి ఈ ఐదు ఉత్తరాలే. ఛందస్సు సందేహాలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

*

ప్రశ్న: సార్, నాకు 27 ఏళ్లు. కవిత్వం రాస్తాను. మొదటి పుస్తకం అచ్చు వేద్దామంటే 500 కాపీలకు 45,000 అవుతుందన్నారు. మా ఊళ్లో వెంచర్లు వేసే ఒకాయన మొత్తం డబ్బు తానే పెడతానంటున్నాడు. కానీ పుస్తకం తనకు అంకితం ఇవ్వాలి, వెనక అట్ట మీద తన ఫొటో ఉండాలి, లోపల తన పేరుతో ‘ఆత్మీయ వాక్యం’ రెండు పేజీలు ఉండాలి (అదీ నేనే రాసి పెట్టాలట). మిత్రులేమో పోతన పద్యం చదివి నన్ను తిడుతున్నారు. ఇవ్వమంటారా, వద్దంటారా?
(ఒక యువకవి, సిరిసిల్ల)

జవాబు: తమ్ముడూ, ముందు నీ మిత్రుల సంగతి చూద్దాం. పోతన ‘ఇమ్మనుజేశ్వరాధములు’ అన్నమాట నిజమే. భాగవతం రాజులకివ్వనని చెప్పి దేవుడికిచ్చాడు. కానీ ఆ పద్యం చదివే ప్రతివాడూ ఒక సంగతి మర్చిపోతాడు. సత్కవులు హాలికులైతేనేమి అని ఆయన పేరు మీదే ఇంకో పద్యం ప్రచారంలో ఉంది కదా. హాలికుడు కావాలంటే ముందు దున్నడానికి చేను ఉండాలి. నీకేముంది? బహుశా ఒక మరమగ్గాల షెడ్డులో నెలజీతం, ఒక ఫోను, దానికి ఈఎంఐ. ఇంకొకటి, సర్వజ్ఞ సింగభూపాలుడి మీద మనసుపడిన ఒక పడుచు కథతో భోగినీ దండకం అని ఒకటుంది. అదీ పోతనదే అంటారు, కాదనే పండితులూ ఉన్నారు. ఔననుకుంటే మాత్రం ఆయన కూడా రాజుగారి గడప చూసి వచ్చాకే వద్దనుకున్నాడన్నమాట.

ఇక వెంచర్ల ఆసామి. డబ్బున్న వ్యాపారి పుస్తకం అంకితం అడగటం ఈ కాలంలో పుట్టిన పాపమేమీ కాదు. శ్రీనాథుడి హరవిలాసం ఎవరికి అంకితం? అవచి తిప్పయ్య సెట్టికి. వాళ్లది ఓడ వర్తకం. దేశదేశాల నుంచి కర్పూరం, సుగంధద్రవ్యాలు తెప్పించేవాళ్లు. కొండవీటి కొమరగిరి రెడ్డి చేసే వసంతోత్సవాలకు సరుకు వీళ్లదే. అంటే ఆనాటి కార్పొరేట్ కాంట్రాక్టరు. ఆ సెట్టి డబ్బు పెట్టబట్టే మనకి చిరుతొండనంబి కథ శ్రీనాథుడి నోట వినే భాగ్యం దక్కింది. కాబట్టి డబ్బు ఎవరిదన్న దాని దగ్గర నేను ఆగను. ఆ డబ్బు పుస్తకంలో ఎంత లోపలి దాకా వస్తుందన్నదే నాకు పట్టింపు.

రెండు ఉదాహరణలు చెప్తా. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. విజయనగరం ఆనందగజపతి మహారాజుకి అంకితం. గురజాడ ఆయన కొలువులో మనిషే. కానీ అంకితం పేజీ తిప్పి లోపలికి వెళ్తే అంతా గిరీశం రాజ్యమే. మహారాజు గుమ్మం దగ్గర ఆగిపోయాడు. అటు పిఠాపురం చూడు. సూర్యారావు మహారాజు సొమ్ముతో సూర్యరాయాంధ్ర నిఘంటువు వచ్చింది. మొదటి సంపుటం 1936లో. అది లేకపోతే నాలాంటి తెలుగు మాస్టర్లు పాఠం చెప్పలేరు. అయితే దాన్ని మొదలుపెట్టిన జయంతి రామయ్య పంతులు గ్రాంథిక పక్షానికి పెద్ద. కావ్యాల్లో పడ్డ మాటకే అందులో పెద్దపీట. మా నాయన రోజుకి వందసార్లు అనే మగ్గం మాటలు వెతికితే చాలావాటికి అందులో చోటు లేదు. నిఘంటువుని తప్పుపట్టడం లేదు, రోజూ వాడతాను. ఎవరి సొమ్ముతో, ఎవరి చేతి మీదుగా వచ్చిందో దాన్నిబట్టి లోపలి సరుకు ఉంటుందని చెప్తున్నా.

ఇప్పుడు నా సొంత గొడవ. 1994లో నా మొదటి పుస్తకం, 72 పేజీలు. రోడ్లు, కల్వర్టులు కట్టే ఒక కాంట్రాక్టరు డబ్బిచ్చాడు. చాలా మర్యాదస్థుడు. అంకితం ఇచ్చాను. సభ మూడు గంటలు సాగింది. దండలు, శాలువాలు, ఆయన బాల్యమిత్రుల ప్రసంగాలు. చివర్లో నన్ను ‘రెండు నిమిషాల్లో ముగించండి’ అన్నారు. అక్కడితో లెక్క చెల్లిందనుకున్నాను. ఆర్నెల్లకి వాళ్లబ్బాయి పెళ్లి. ‘పంచరత్నాలు రాయండి సార్’ అన్నాడు. రాశాను. తర్వాత ఆయన తల్లిగారి సంవత్సరీకానికి స్మృతిపద్యాలు. తర్వాత ఆయన జెడ్పీటీసీకి నిలబడ్డాడు. కరపత్రం! అందులో ఆయన్ని ‘అపర భగీరథుడు’ అని రాసింది నేనే. ఆయన కట్టిన కల్వర్టు ఒకటి ఆ ఏడే వానలకి కొట్టుకుపోయింది, ఆ దారినే నేను సైకిలు భుజాన వేసుకుని వాగు దాటి కాలేజీకి పోయేవాణ్ని. అచ్చుకి ఆయన పెట్టింది 9,000. నేను ఎన్నేళ్లు కట్టానో నాకే లెక్క లేదు.

అందుకని నేనైతే ఏం చేస్తానో చెప్తా, వినడం వినకపోవడం నీ ఇష్టం. వెనక అట్ట ఫొటోకి ఒప్పుకోను. ఆయన పేరుతో నేను రాసే ఆత్మీయ వాక్యానికి అసలే ఒప్పుకోను, అది దొంగ సాక్ష్యం. అంకితం అమ్మకో, చదువు చెప్పిన టీచరుకో ఇస్తాను. ఆయన సాయం చేశాడని లోపలి పేజీలో రెండు వరుసల్లో కృతజ్ఞత చెప్తాను, దానికి సిగ్గుపడను. ‘అన్నా, అచ్చు ఖర్చు వద్దు, 150 కాపీలు కొని మండలంలోని హైస్కూళ్లకు పంచు, స్టాంపు నీ పేరుతోనే వేసుకో’ అంటాను. ఒప్పుకుంటే మంచివాడు. ఒప్పుకోకపోతే 500 మానేసి 200 కాపీలు వెయ్యి. మొదటి పుస్తకం 500 కాపీలు ఎక్కడ పెడతావు? నావి ఇంకా అటక మీద ఉన్నాయి.

*

ప్రశ్న: కావ్యం అంకితం తీసుకున్నవాణ్ని ‘కృతిభర్త’ అంటారెందుకు? మా మనవరాలు అడిగింది. మగవాళ్ల అహంకారం కాకపోతే పుస్తకానికి భర్త ఏమిటి నానమ్మా అని.
(ఒక గృహిణి, తెనాలి)

జవాబు: అమ్మా, మీ మనవరాలు సగం రైటు. భర్త అంటే అసలు అర్థం భరించేవాడు, మోసేవాడు. పోషకుడన్నా అదే దారి, పోషించేవాడు. కాకపోతే మన కవులు అక్కడితో ఊరుకోలేదు. కావ్యాన్ని కన్య చేశారు, కవిని కన్న తండ్రి చేశారు, అంకితాన్ని కన్యాదానం చేశారు. పెళ్లికొడుకు గుణగణాలు వర్ణించాలి కదా, అందుకే ప్రబంధాల మొదట్లో ‘ఇటువంటివాడికి, అటువంటివాడికి’ అంటూ షష్ఠ్యంతాలు. ప్రతి ఆశ్వాసం మొదట్లో, చివర్లో మళ్లీ ఆయన్ని సంబోధిస్తూ పద్యాలు. ఇప్పటి టీవీ సీరియల్‌లో ప్రతి బ్రేకుకీ ముందూ వెనకా ‘సమర్పించువారు’ అని వస్తుంది చూడండి, అచ్చం అదే. పిల్లకి ఇలా చెప్పండి, చప్పున అర్థమవుతుంది.

*

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎం.ఎ. తెలుగు చదువుతున్నాను. క్లాసులో రాజపోషణ అంటే నన్నయ-రాజరాజనరేంద్రుడు, పెద్దన-కృష్ణదేవరాయలు, గద్వాల సంస్థానం, ఇంతే చెప్తారు. రాజులు లేని చోట కళని ఎవరు పోషించారు? మా ఊరికి డక్కలి వాళ్లు కిన్నెర పట్టుకుని వచ్చేవారు. మా తాత వాళ్లని అడుక్కునేవాళ్లు అంటాడు. అది కరెక్టేనా?
(ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్ జిల్లా)

జవాబు: బాబూ, నీ ఉత్తరం చదివాక నా టీ చల్లారిపోయింది. తాతగారిని నొప్పించకుండా చెప్పు, అది కరెక్టు కాదు.

మాది పద్మశాలి ఇల్లు. చేర్యాల దగ్గర పల్లె. మా నాయనకి రెండు గుంటమగ్గాలు. రెండు మూడేళ్లకొకసారి మా వాడకి కూనపులి వాళ్లు వచ్చేవారు. వాళ్లు మా ఆశ్రిత కులం. మా వాళ్లకే కథ చెప్తారు, మమ్మల్నే అడుగుతారు, పక్క వాడలో చెయ్యి చాపరు. వాళ్ల దగ్గర ఒక పెద్ద పటం ఉంటుంది. మూడడుగుల వెడల్పు, విప్పుకుంటూ పోతే మా చావిడి ఈ చివర నుంచి ఆ చివరికి వచ్చేది. ఎర్రటి నేల మీద బొమ్మలు, చేర్యాల నకాషీ వాళ్లు గీసినవి. బట్టకి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి గీస్తారు. రెండు గుంజల మధ్య తాడు కట్టి, పటం వేలాడదీసి, కొబ్బరికాయ కొట్టి, పెట్రోమాక్స్ వెలుగులో మొదలుపెట్టేవారు. మార్కండేయుడు, భావనాఋషి, తామరతూళ్ల నారతో దేవతలకి బట్ట నేసిన కథ. ఒక బొమ్మ కథ అవగానే పటం ఒక చుట్టు తిప్పేవారు. పిల్లలం ముందు వరసలో కూర్చుని రాబోయే బొమ్మ కోసం కింది నుంచి తొంగి చూసేవాళ్లం.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, 1968లో, వాళ్లొచ్చారు. ఆ ఏడు నూలు ధర మండిపోయింది. మాకు నూలు ఇచ్చి బట్ట తీసుకునే సావుకారి దగ్గర నాయన బాకీ ఉన్నాడు. పొద్దున్నే జట్టు పెద్ద మా గడప ముందుకొచ్చాడు. ‘అమ్మా’ అని అరవలేదు. అరుగు మీద కూర్చుని మా ఇంటిపేరు, గోత్రం, నాకు తెలియని నా ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు వరసగా చదివాడు. మా ఇంట్లో ఆ పేర్లు ఎవరికీ తెలియవు. నాయన ‘ఈపారి మస్తు కష్టమున్నది, వచ్చేటప్పుడు ఇస్త’ అన్నాడు. ఆయన లేవలేదు. ‘మీ తాత ఇచ్చిండు, మీ అయ్య ఇచ్చిండు. నిన్ను బిచ్చమడుగుతలేను. మా త్యాగం మాకియ్యి’ అన్నాడు.

త్యాగం! ఆ మాటకి వాళ్ల నోట ఉన్న అర్థం నేను ఎం.ఎ.లో కూడా నేర్చుకోలేదు. దాత కులం ఇచ్చి తీరాల్సిన వాటా. ఏ ఊళ్లు ఏ జట్టువో పంపకాలుండేవి, దాన్ని మిరాశి అనేవారు. పొలం పంచుకున్నట్టే అన్నదమ్ములు ఊళ్లు పంచుకునేవారు. ఒకరి మిరాశిలోకి ఒకరు పోతే పంచాయితీ అయ్యేది.

నాయన లేచి లోపలికి పోయాడు. మగ్గం మీద పంచె ఒకటి పూర్తి కావచ్చింది, సావుకారికి లెక్క అప్పజెప్పాల్సింది. దాన్ని కత్తెరతో కోసి, మడతపెట్టి తెచ్చి, రెండు చేతులా ఇచ్చాడు. మా అమ్మ వంటింట్లోంచి ఏదో అంది, నాయన వినిపించుకోలేదు. ఆ పంచె ఖరీదు సావుకారు తర్వాత కూలిలోంచి విరగ్గోశాడు. ఆ వారం మేం గటక తాగాం.

కానీ ఆ రాత్రి జరిగింది చెప్పాలి. కథ మధ్యలో ఆపి, జట్టు పెద్ద మా నాయన పేరు, తాత పేరు, గోత్రం చెప్పి ‘మగ్గం సల్లగుండ, నాడె సల్లగుండ’ అని దీవించాడు. తాళాలు మోగాయి. వాడంతా మా నాయన వైపు చూసింది. సావుకారి ఇంటి మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడే మనిషి, ఆ రాత్రి ముందు వరసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. కృష్ణదేవరాయలు తన ఏనుగు ఆపి, చెయ్యి అందించి పెద్దనని ఎక్కించుకున్నాడని పద్యం ఉంది కదా. ఆ పద్యం పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు రాయలు కనపడడు. అంచు పూర్తికాని పంచె పట్టుకుని గడపలో నిలబడ్డ మా నాయన కనపడతాడు.

అందుకని నీ క్లాసు నోట్సులో ఇది కూడా రాసుకో. మాదిగలకి డక్కలి, చిందు వాళ్లు. గొల్లలకి మందహెచ్చులు. కాటమరాజు కథ ఇన్ని వందల ఏళ్లు నిలిచింది గొర్రెల కాపరుల సొమ్ముతో. మాదిగల పుట్టుక చెప్పే జాంబపురాణం నిలిచింది తిండికి లేని మాదిగవాడల గింజలతో. సంస్థానాల నుంచి ఏటేటా వార్షికాల సొమ్ము పుచ్చుకున్న కవుల పేర్లు మనకి కంఠస్థం. ఈ పోషకుల పేర్లు మాత్రం వాళ్ల ఆశ్రితుల నోట్లోనే ఉన్నాయి, ఆ నోళ్లు పోతే అవీ పోతాయి.

పాత కాలమంతా బంగారమని నేననను. డక్కలి మాదిగవాడలో కూడా దూరంగానే ఉండాలి, అంటుకిందా అంటు. ఆడే వాడి కొడుకు ఆడాలి, ఇచ్చే వాడి కొడుకు ఇవ్వాలి. తప్పించుకునే దారి లేదు. మా వాడ వాళ్లు భివండీ, సూరత్, షోలాపూర్‌లకి పోయారు. ఇప్పుడు అక్కడ ఒక్క మగ్గం లేదు, కూనపులి జట్టు రావడం నేను కాలేజీలో ఉండగానే ఆగిపోయింది. చేర్యాలలో బొమ్మలు ఉన్నాయి గానీ గోడకి తగిలించుకునే చిన్న ఫ్రేములు, మాస్కులు. కొనేది ఎగ్జిబిషన్‌కి వచ్చిన సిటీ వాళ్లు. వాళ్ల ముత్తాత పేరు ఆ బొమ్మకి తెలియదు. కొత్త పటం వచ్చాక చిరిగిన పాత పటాన్ని మనిషిని సాగనంపినట్టు ఏట్లో కలిపేవారు. ఇప్పుడు మ్యూజియం వాళ్లు కొంటున్నారు, అదొక మేలు.

మీ జిల్లా డక్కలి దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర. తాతగారికి ఆ ఫొటో చూపించు.

*

ప్రశ్న: మా నాన్న ఒక నాయకుడి వెంట ఇరవై ఏళ్లు తిరిగాడు. జెండాలు కట్టాడు, ఫ్లెక్సీలు కట్టాడు. ఇప్పుడు నాకు అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం కోసం ఆయన లెటర్ కావాలి. రోజూ పొద్దున్నే వాళ్లింటి ముందు నిలబడుతున్నాం. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇది కూడా పోషణేనా, లేక ఇంకేమైనానా?
(పేరు రాయవద్దన్నారు, ఖమ్మం జిల్లా)

జవాబు: పోషణే. పొద్దున్నే పెద్దమనిషి గుమ్మం ముందు నిలబడి, కంట్లో పడి, ఆయన చేత్తో ఇచ్చింది పుచ్చుకుపోయే ఆచారం రెండు వేల ఏళ్ల కిందట రోమ్ నగరంలో కూడా ఉండేది. ఆ ఇచ్చేవాణ్ని వాళ్లు ‘పాట్రోనస్’ అన్నారు, ఇంగ్లీషు పేట్రన్ అక్కణ్నుంచి వచ్చిందే. కాబట్టి మీ నాన్నగారు నిలబడుతున్న క్యూ చాలా పాతది. మన దగ్గర దానికి ఎన్ని మాటలో చూడండి: అండ, ఆసరా, చలవ, దయ, మనవాడు, పైరవీ.

మీకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. 1991లో నేను ఆదిలాబాద్ అవతల ఒక కాలేజీలో ఉన్నాను. అమ్మకి పక్షవాతం వచ్చింది. బదిలీకి దరఖాస్తు పెడితే ఏడాదైనా ఉలుకూ పలుకూ లేదు. మా నాయన తన చేత్తో నేసిన శాలువా ఒకటి సంచిలో పెట్టుకుని నన్ను ఒక నాయకుడి ఇంటికి తీసుకెళ్లాడు. పొద్దున ఆరుకి వెళ్తే పదకొండింటికి పిలుపొచ్చింది. ఆయన శాలువా అందుకుని పక్కనున్నాయనకిచ్చాడు, విప్పి కూడా చూడలేదు. దరఖాస్తు మూల మీద ఒక ముక్క గీకి సంతకం పెట్టాడు. ఇరవై రోజుల్లో ఆర్డరొచ్చింది. అప్పుడు నాయన నవ్వలేదు. ‘పనైతే అయింది గానీ బిడ్డా, ఈయనకి మన పేరు తెల్వది’ అన్నాడు. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ ఖాళీకి నాకంటే ముందు పేరున్న ఒక లెక్చరరు చంటిపిల్లతో అక్కడే ఇంకో మూడేళ్లు ఉండిపోయింది. ఆమెకి నేను ఇప్పటిదాకా ఎదురుపడలేదు, పడాలనీ లేదు.

తెలంగాణలో దొర పోషణ ఎలా ఉండేదో మీ తాతతండ్రులు చెప్పే ఉంటారు. ‘నీ బాంచెన్’ అంటే గింజలు, అనకపోతే గడీ. దొర కూడా ‘నేను సాకుతున్నా’ అనే అనేవాడు. పాలకుర్తి ఐలమ్మ తను పండించిన పంట తనదని నిలబడినప్పుడు తెగింది ఆ ‘సాకడం’ అన్న మాటే. అక్కణ్నుంచి ఇక్కడిదాకా వచ్చాం. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు వంద రోజుల పని అడిగి తీసుకునే హక్కు అని కాగితం మీద రాశారు. కానీ మా ఊళ్లో మేస్త్రి దగ్గరికి పోయి ‘జర నా పేరు రాయి అన్నా’ అని బతిమాలే అలవాటు పోలేదు. మన చేతిలోని హక్కుని దయగా మార్చి మళ్లీ మనకే ఇవ్వడం, అందులోనే ఉంది నాయకుల పనితనం అంతా.

మీ ఉద్యోగం సంగతికొస్తే, ఆ పోస్టు నోటిఫికేషన్, అర్హతలు, ఏజెన్సీ పేరు ముందు సమాచార హక్కు కింద అడగండి. లెటర్ కోసం నిలబడటం ఇవాళే మానేయమని నేననను, ఇంట్లో పొయ్యి వెలగాలి. కాకపోతే ఒక గడువు పెట్టుకోండి, దసరా దాకానో ఎప్పటిదాకానో. మీ నాన్నగారి ఇరవై ఏళ్లకు తోడు మీ ఇరవై ఏళ్లు కూడా ఆ వరండాలో పెట్టకండి. పోటీ పరీక్షల పుస్తకాలు కావాలంటే పత్రిక చిరునామాకి రాయండి, నా దగ్గర ఉన్నవి పంపిస్తాను.

*

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా సంఘం ప్రతి ఏడూ ఇండియా నుంచి కళాకారుల్ని పిలిపించి సన్మానం చేస్తుంది. ఇది చూసి మా మామగారు మీరంతా తానీషాలు అని వెక్కిరిస్తారు. పొగడ్తో తిట్టో అర్థం కావడం లేదు.
(ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా భాగవతుల ఆట చూసి మెచ్చి, కూచిపూడి ఊరినే వాళ్లకి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం. ఊరు! అంటే మర్నాడు, వచ్చే ఏడు, మనవల కాలంలో కూడా అన్నం దొరికే ఏర్పాటు. మీరు ఊరు ఇస్తున్నారా, శాలువా ఇస్తున్నారా? నాకు తెలిసిన ఒక హరికథ భాగవతారిణి ఇంట్లో ఇనప బీరువా నిండా శాలువాలే, మెమెంటోలు మంచం కింద. మే నెలలో వెళ్తే ఫ్యాను పాడై కూర్చుని ఉంది. ‘ఒక్క శాలువాకి బదులు రిపేరుకి డబ్బులిచ్చినా బాగుండేది’ అని నవ్వింది.

గద్వాల లాంటి సంస్థానాల్లో వార్షికం అని ఒకటుండేది. కవి ఏటా వెళ్లి తన మొత్తం తాను పుచ్చుకుని రావడమే. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు అదీ పోయింది. రద్దు మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు, ఆ వార్షికం పోయినందుకు బాధపడ్డ పండితుల మీద జాలీ ఉంది. మీ సంఘం ఒక్క మృదంగం ఆయనకి పదేళ్ల పాటు, ఫొటో అడగకుండా, ఏటా వార్షికం పంపిస్తే మీ మామగారి మాట పొగడ్త అవుతుంది.

*

ఆఖర్న ఒక కార్డు. సంతకం లేదు, స్టాంపు వరంగల్‌ది: ‘అందరికీ ఇన్ని చెప్తారు గదా, తమరి కాలమ్‌కి పోషకులెవరో సెలవిస్తారా?’

సెలవిస్తాను. ఈ కాలమ్‌కి నాకు నెలకి 800 ఇస్తారు, అప్పుడప్పుడు రెండు నెలలవి కలిపి. మా పత్రిక వెనక అట్ట ఒకసారి తిప్పి చూడండి. పదకొండేళ్లుగా బంగారం దుకాణం ప్రకటనే. ఈ పదకొండేళ్లలో తరుగు, మజూరీల మోసం గురించి పాఠకుల ఉత్తరాలు కనీసం ఇరవై వచ్చాయి. ఒక్కదానికైనా నేను ఇక్కడ జవాబు రాయగా మీరు చూశారా?